ఒడ్డెక్కే చోటు

రాస్-ఆన్-వై నుంచి మాన్‌మత్‌కు ఏ40 రోడ్డు మీద సుమారు 10 మైళ్లు. అదే నది మీద వెళితే 17, 18 మైళ్లు. ఆ రెండు ఊళ్ల మధ్య వై నది కొండల చుట్టూ తిరిగి తిరిగి గానీ ముందుకు కదలదు. ఆ తేడా తెలుసుకోవడానికి మ్యాప్ తెరిచి ఐదు నిమిషాలు కూర్చుంటే చాలు. నేను కూర్చోలేదు. నన్ను నమ్మి వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని, రోడ్డు మైళ్లు మనసులో పెట్టుకుని, నదిలోకి దిగాను.

ఆ ప్రయాణంలో ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. చాలాకాలం దాని గురించి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మా స్నేహితుల్లోనే వేసవి రాగానే గాలి నింపే పడవలు కొనుక్కుని, ఏ నది అయితే బాగుంటుందని నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నది పేరు చెప్పేసి ఊరుకోవడం తప్పనిపించింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

వేల్స్ మధ్యలో ప్లిన్‌లిమన్ కొండల్లో పుట్టి, సుమారు 250 కిలోమీటర్లు పారి, చెప్‌స్టో దగ్గర సెవర్న్ ముఖద్వారంలో కలిసే నది ఇది. ఇంగ్లండ్‌లోని హెరిఫర్డ్‌షైర్‌లో పొలాల మధ్య తాపీగా నడిచి, రాస్ దాటాక కొండల మధ్యకి చేరుతుంది. కుడివైపు గుట్ట మీద గుడ్రిచ్ కోట, ఆ కింద కెర్న్ బ్రిడ్జ్ రాతి వంతెన, ఇంకా ముందుకు పోతే నీటి అంచునుంచే లేచిన సున్నపురాతి చరియలు, వాటి మీద గూళ్లు పెట్టుకున్న బైరి డేగలు. ఈ లోయను 1971లో దేశంలోని విశిష్ట ప్రకృతి సౌందర్య ప్రాంతాల్లో ఒకటిగా ప్రకటించారు. నేను గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ని. పాపికొండలు చూసి పెరిగిన కళ్లకు కూడా ఆ లోయ నచ్చింది. నచ్చింది అనడం చాలదు. మావాళ్లందరికీ చూపించాలని తహతహలాడాను. తప్పు అక్కడే మొదలైంది. ఏం చూపించాలన్నదే ఆలోచించాను, ఎలా తిరిగి రావాలన్నది ఆలోచించలేదు.

ఇంగ్లండ్‌లో నది కనిపించిన ప్రతిచోటా పడవ వేసే వీలు లేదు. చాలా నదుల మీద ఆ హక్కు ఎవరిదన్నది తేలని తగువు. థేమ్స్ లాంటి నదుల మీద హక్కు ఉన్నా రుసుము కట్టాలి. వై నది మీద మాత్రం హే-ఆన్-వై నుంచి బిగ్స్‌వేర్ వంతెన దాకా ఎవరైనా పడవ నడుపుకోవచ్చు. ఆ కింద ఆటుపోట్ల నీళ్లు మొదలవుతాయి, అక్కడికి కొత్తవాళ్లు పోనేకూడదు. 'ఎవరైనా నడుపుకోవచ్చు' అన్నది చదివి సంబరపడి ఆగిపోయాను. ఆ హక్కు నీటి వరకే. ఒడ్డు మాత్రం ఒక రైతుదో, ఒక హోటల్‌దో, ఊరి కౌన్సిల్‌దో అయి ఉంటుంది. అలసిపోయిన చోట పడవ ఆపి గట్టెక్కుదామంటే కుదరదు. నిటారుగా కోసుకుపోయిన గట్లు, దురదగొండి పొదలు, ముళ్లతీగలు, వాటి వెనక కంచె. ఎక్కడ దిగవచ్చో, అక్కడికి రోడ్డు ఉందో లేదో, కారు పెట్టుకోనిస్తారో లేదో, డబ్బు ఎంత తీసుకుంటారో ఇంట్లో ఉండగానే తెలిసి ఉండాలి. మా ఊళ్లో పడవవాళ్లు రేవు తెలియకుండా పడవ విప్పేవారు కాదు. చిన్నప్పటినుంచీ అది చూసినవాణ్నే.

ఈ దారికి పెద్ద చరిత్రే ఉంది. 1745 ప్రాంతంలో రాస్ చర్చిలో రెక్టర్‌గా ఉన్న జాన్ ఎగర్టన్ తన ఇంటికి వచ్చిన అతిథులను పడవలో ఎక్కించి ఈ లోయ చూపించడం మొదలుపెట్టాడు. 1770లో విలియం గిల్పిన్ అనే మతగురువు ఇదే దారిన ప్రయాణించి, 1782లో దాని మీద పుస్తకం అచ్చు వేశాడు. ప్రకృతిని చూడడం కోసమే ప్రయాణం చేయడమన్న అలవాటు ఇంగ్లండ్‌లో పాతుకుపోవడానికి ఆ పుస్తకం ఒక పెద్ద కారణం. ఆ తరవాత రాస్ రేవులో పడవల వ్యాపారమే వెలిసింది. ఎండ తగలకుండా పైన గుడ్డ పందిరి, బొమ్మలు గీసుకోవడానికి మధ్యలో బల్ల, తెడ్లు వేయడానికి ఆ నదినే నమ్ముకుని బతికే పడవవాళ్లు. రాస్ నుంచి చెప్‌స్టోకి రెండు రోజులు. మొదటి రోజు మాన్‌మత్ దాకా, అక్కడ రాత్రి బస, మర్నాడు మిగతాది. నౌకాదళ సేనాని నెల్సన్ కూడా 1802లో రాస్ నుంచి మాన్‌మత్‌కు ఇలాగే పడవలో వచ్చాడు.

ఇదంతా నేను ప్రయాణానికి ముందే చదివాను. చదివి మురిసిపోయాను, మావాళ్లకు కథలుగా చెప్పాను. నది పోకడ బాగా తెలిసిన పడవవాళ్లు తెడ్లు వేస్తేనే రాస్ నుంచి మాన్‌మత్ ఒక పూర్తి రోజు పని అని ఆ కథలోనే ఉంది. అది నా బుర్రకెక్కలేదు. మాలో సగం మంది అప్పటిదాకా తెడ్డు పట్టుకోనివాళ్లు. ఉదయం పదిన్నరకి మొదలై నాలుగింటికల్లా మాన్‌మత్‌లో టీ తాగుతామని అందరికీ మెసేజ్ పెట్టాను.

నీటి సంగతి అంతకన్నా సిగ్గుపడవలసింది. రాజమండ్రిలో వానాకాలం వచ్చిందంటే ఇంట్లో పెద్దవాళ్లు భద్రాచలం దగ్గర నీటిమట్టం ఎంత అని అడిగేవారు. 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48 అయితే రెండోది, 53 అయితే మూడోది. రాజమండ్రిలో ఆకాశం తేటగా ఉన్నా సరే, భద్రాచలం అంకె పెరిగితే ధవళేశ్వరం దగ్గర నీళ్లు పెరుగుతాయని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎగువన పడిన వాన దిగువకి ఆలస్యంగా వస్తుందన్నది నాకు ఏ పుస్తకమూ నేర్పాల్సిన పని లేదు. వై నది పైభాగమంతా వేల్స్ కొండలు. అక్కడ వాన పడితే ఒకటి రెండు రోజులకు హెరిఫర్డ్ దాటి రాస్ దగ్గర నీరు పెరుగుతుంది. మా ప్రయాణానికి ముందు వేల్స్‌లో రెండు రోజులు వాన పడింది. నేను చూసింది మాత్రం రాస్ ఊరి వాతావరణం. శనివారం ఎండ అని ఉంది, సరిపోయిందనుకున్నాను. నీటిమట్టం ఎక్కడెంత ఉందో ప్రభుత్వ వెబ్‌సైట్లో గంటగంటకీ కనిపిస్తుంది. నేను దాని జోలికి పోలేదు.

2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిపోయిన రోజున నేను ఇక్కడ ఫోన్‌లో ఆ వార్తలు చూస్తూ తెల్లవార్లూ కూర్చున్నాను. గోదావరి వరద మీద ఉండగా బోటును ఎవరు వదిలారు, ఎలా వదిలారు అని మండిపడ్డాను. అంత మండిపడినవాణ్ని, నా దగ్గరికి వచ్చేసరికి ఎగువన నీరెంత ఉందో చూడకుండా మనుషులను పడవ ఎక్కించాను. ఆ నదికీ ఈ నదికీ పోలిక లేదు, గోదావరి ముందు వై చిన్న నదే. కానీ చేసిన పని ఒకటే.

మనుషుల గురించి చెప్పాలి. స్విండన్‌లో ఉండే ఒక స్నేహితుణ్ని నేను అన్నా అని పిలుస్తాను. ఆయన, వదిన, పద్నాలుగేళ్ల వాళ్ల అబ్బాయి, నా ఆఫీసులో పనిచేసే ఒక కుర్రవాడు, మా ఆవిడ, నేను. నేను బ్రిస్టల్ దగ్గర ఒక క్లబ్బులో తెడ్డు వేయడం కొంత నేర్చుకున్నాను. క్లబ్బు నేర్పింది నిలకడ నీళ్లలో, పక్కన శిక్షకుడు ఉండగా. ఆ కాస్త చదువుతో నన్ను నేను నాయకుణ్ని చేసుకున్నాను. ఒక కెనూ అరువు తెచ్చాను, గాలి నింపేవి రెండు కొన్నాం.

బయల్దేరే ముందు వారం వదిన ఫోన్ చేసింది.

"మరిదిగారూ, నాకు ఈత రాదు. చల్లనీళ్లంటే భయం. నేను కారులో వస్తానులెండి, మీరంతా పడవల్లో వెళ్లండి."

"లైఫ్ జాకెట్ ఉంటుంది కదా వదినా. నది చాలా నెమ్మదిగా ఉంటుంది. మీరు రాకపోతే ఏం బాగుంటుంది?"

ఆవిడ ఇంకేం అనలేదు. సరేనంది. ఆ సరే నేను లాక్కున్నది. మొహమాటం మీద ఒప్పుకున్న మనిషి నీళ్ల మీద భయమేస్తోందని నోరు విప్పి చెప్పలేదు, ఆపమని అడగలేదు. ఆ సంగతి నాకు అప్పుడు తెలియలేదు. పైగా ఆవిడ కారులో వస్తానన్నది ఆ రోజు మొత్తంలో అందరికన్నా తెలివైన సలహా. గట్టు మీద ఒక మనిషి, ఒక కారు, ఒక ఫోను ఉండి ఉంటే తరవాత జరిగినదాంట్లో సగం జరిగేది కాదు.

కారు మాన్‌మత్‌లో వదిలి రావడానికే గంటన్నర పట్టింది. అన్నా, నేనూ రెండు కార్లలో అక్కడికి వెళ్లి, ఆయన కారు రేవు దగ్గర పెట్టి, నా కారులో రాస్‌కు తిరిగి వచ్చాం. పడవల్లో గాలి నింపి, జాకెట్లు బిగించి నీళ్లలోకి దిగేసరికి పన్నెండు దాటింది. నీళ్లు టీ రంగులో ఉన్నాయి. అక్కడక్కడ కొమ్మలు కొట్టుకొస్తున్నాయి. ప్రవాహం ఉంటే మనకే మంచిది, తొందరగా తీసుకెళ్తుందన్నాను. మొదటి గంట నిజంగానే హాయిగా గడిచింది. అందువల్ల అందరికీ ధైర్యం వచ్చింది, నాకు అందరికన్నా ఎక్కువ. కెర్న్ బ్రిడ్జ్ దగ్గర ఆగి పులిహోర, పెరుగన్నం తిన్నాం. అప్పటికి మూడు కావస్తోంది. రాస్ నుంచి అక్కడికి 5 మైళ్లే. అక్కడ చక్కటి రేవుంది, కార్లు పెట్టుకునే స్థలముంది, రాస్‌కు రోడ్డుంది. ఆ రోజు ప్రయాణం ఆపవలసిన చోటు అదే. కానీ కారు మాన్‌మత్‌లో ఉంది. ప్లాన్ ఎలా ఉందంటే, ముందుకు పోవడం తప్ప ఇంకో దారి అందులో లేదు.

లిడ్‌బ్రూక్ దాటాక నది ఒక పెద్ద వంపు తిరుగుతుంది. ఎడమవైపు కొండ కొన మీద యాట్ రాక్ అనే బండ ఉంది, అక్కడినుంచి జనం కిందికి చూస్తుంటారు. అన్న కొడుకు వాళ్లను చూసి, "బాబాయ్, వచ్చేశామా?" అన్నాడు. దాదాపు వచ్చేశాం అన్నాను, నిజంగానే అలా అనుకుని. ఆ బండ దగ్గర కొండ మెడ సన్నగా ఉంటుంది, అవతలి పక్కన సిమండ్స్ యాట్ ఊరు. నడిచేవాడికి అది చిన్న దూరమే. 1873లో వచ్చిన రాస్-మాన్‌మత్ రైలు కూడా కొండను తొలిచి అవతలికి పోయింది. నది మాత్రం ఉత్తరానికి వెళ్లి, హంట్షమ్ కొండను పూర్తిగా చుట్టి, నాలుగైదు మైళ్ల తరవాత గానీ అక్కడికి రాదు. ఆ చుట్టు తిరిగి దక్షిణానికి మళ్లేసరికి నైరుతి గాలి ఎదురుగా కొట్టింది. గాలి నింపిన పడవలు నీళ్లలో లోతుగా కూర్చోవు, గాలి ఎటు తోస్తే అటు పోతాయి. తెడ్డు ఆపితే వెనక్కి పోతున్నాం. వదిన చేతులు బొబ్బలెక్కాయి. మాటలు ఆగిపోయాయి. దాదాపు వచ్చేశాం అన్న నా మాట విని ఆ అబ్బాయి తన బలమంతా ముందే ఖర్చు పెట్టేశాడు. తరవాత రావలసిన దూరానికి వాడి దగ్గర ఏమీ మిగల్లేదు.

సిమండ్స్ యాట్ చేరేసరికి ఆరు దాటింది. అక్కడ నదికి అడ్డంగా కట్టిన తీగను చేత్తో లాగుతూ నడిపే పాతకాలపు పంటు ఉంది. ఆ తీగ కింద నుంచి పోవాలంటే పంటు నడిపే మనిషిని గమనించుకోవాలి. ఎడమ ఒడ్డున, అంటే సిమండ్స్ యాట్ ఈస్ట్‌లో, పడవలు దిగే రేవుంది. ఆ రేవు దాటితే రాపిడ్స్. ఒకప్పుడు అక్కడ ఆనకట్ట, ఇనుము కరిగించే కార్ఖానా ఉండేవి. ఇప్పుడు రాళ్ల మధ్య నీరు ఇరుకై, అలలు లేస్తూ పారుతుంది. పడవలు నేర్చుకునేవాళ్ల కోసం జాతీయ కెనూ సంఘం 2003లో ఆ చోటును కొనుక్కుంది. పాత రైలు పట్టాల దారి మీద నడుస్తూ గట్టు మీదనుంచే దాన్నంతా చూడవచ్చు. తెలిసినవాళ్లు ముందు దిగి, నడిచి వెళ్లి చూసి, ఏ పక్కనుంచి పోవాలో తేల్చుకుని, ఒకరిని కింద తాడుతో నిలబెట్టి అప్పుడు దిగుతారు. వద్దనుకుంటే పడవలు మోసుకుని పక్కనుంచి పోతారు.

నేను రేవులో ఆగలేదు. కారు మాన్‌మత్‌లో ఉంది, ఇంకా 5 మైళ్లు పోవాలి, దిగి చూస్తే మళ్లీ అరగంట. నా వెనకే రమ్మన్నాను.

నేనూ మా ఆవిడా నీళ్లు తాగుతూ ఎలాగో బయటపడ్డాం. వెనక్కి చూసేసరికి అన్నా, వదినల పడవ బండకు అడ్డం తిరిగి బోర్లా పడింది. అన్న పడవను పట్టుకున్నాడు. వదిన కొట్టుకుపోయింది. వడి నీళ్లలో పడితే వెల్లకిలా తేలి, కాళ్లు దిగువవైపు నీటి పైకి పెట్టి, నిలబడే ప్రయత్నం చేయకుండా రావాలి. నిలబడబోయి పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటే నీరు మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. ఇది చెప్పడానికి ఒక నిమిషం పడుతుంది. పొద్దున రాస్‌లో నేను ఆ నిమిషం కూడా పెట్టలేదు. ఆవిడ నిలబడడానికి చూసింది, పడింది, మళ్లీ చూసింది. మే నెలలో ఎండ వెచ్చగా ఉంటుంది గానీ నీరు ఇంకా చలికాలంలోనే ఉంటుంది. ఒక్కసారిగా అంత చల్లటి నీళ్లు తగిలితే ఊపిరి మన చేతుల్లో ఉండదు. నోరు తెరుచుకుంటుంది, నీళ్లు లోపలికి పోతాయి.

అక్కడ సాధన చేస్తున్న మరో బృందం లేకపోతే ఏమయ్యేదో నేను రాయలేను. వాళ్ల శిక్షకురాలు విసిరిన తాడు ఆవిడ చేతికి అందింది. ఒడ్డుకు చేర్చి, తడి బట్టలు విప్పించి, వాళ్ల సంచుల్లోంచి పొడి బట్టలు తీసి తొడిగి, చుట్టూ కూర్చున్నారు. వదిన పళ్లు కొట్టుకుంటున్నాయి, అడిగినదానికి జవాబు చెప్పలేకపోతోంది. మా పొడి బట్టలు ఎక్కడున్నాయంటే మాన్‌మత్‌లో, కారులో. ఆ శిక్షకురాలు నావైపు తిరిగి, గొంతు పెంచకుండా అడిగింది. మీరు మొత్తం ఎంతమంది? మీ కారు ఎక్కడుంది? మీరు ఈ నది మీద ఉన్నట్టు ఇంకెవరికి తెలుసు? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాను. రెండోదానికి చెప్పబోతుండగా అన్న జేబులు తడుముకున్నాడు. మాన్‌మత్‌లో ఉన్న కారు తాళం ఆయన కోటులో ఉంది, కోటు రాస్‌లో నా కారు డిక్కీలో ఉంది. మూడోదానికి నా దగ్గర జవాబు లేదు. ఆ లోయలో ఫోన్లకు సిగ్నల్ కూడా సరిగా రాలేదు. దగ్గరున్న పబ్బువాళ్లు తమ ఫోన్ నుంచి టాక్సీ పిలిచారు.

తాళం సంగతి చిన్న విషయం అనిపించవచ్చు. నాకు మాత్రం ఆ తాళమే మొత్తం ప్లాన్ ఎలాంటిదో చెప్పింది. ఏ ఇబ్బందీ లేకుండా మాన్‌మత్ చేరి ఉన్నా, చీకటి పడే వేళ తడి బట్టలతో మూసిన కారు పక్కన నిలబడేవాళ్లం.

కొన్ని నెలల తరవాత వదిన నాతో ఆ మాట ఎత్తింది. "నీళ్లలో పడ్డందుకు నాకు కోపం లేదు మరిదిగారూ. పడవలన్నాక పడతాం. ఫోన్‌లో నేను చెప్పినప్పుడు మీరు వినలేదు, అదీ నా బాధ." నేను క్షమించమని అడిగాను. ఆవిడ క్షమించింది. అన్న మాత్రం చాలాకాలం ముభావంగానే ఉన్నాడు. అది ఆయన హక్కు.

నది మీద పోవడం మానలేదు. మానేస్తే ఆ రోజుకి అర్థం లేకుండా పోతుందనిపించింది. ప్లాన్ వేసే తీరు మొత్తం తిరగేశాను. ఇప్పుడు మొదట అడిగేది ఎవరు వస్తున్నారని. అందరికన్నా నెమ్మదిగా తెడ్డు వేసే మనిషి, అందరికన్నా భయపడే మనిషి ఎవరో తెలిశాకే దూరం. ఆ తరవాత ఒడ్డెక్కే చోటు. కొత్తవాళ్లతో అయితే కెర్న్ బ్రిడ్జ్ నుంచి సిమండ్స్ యాట్ ఈస్ట్ రేవు దాకా, రాపిడ్స్‌కు పైనే ఆగిపోవాలి. అది 7, 8 మైళ్లు, తెడ్డు ఆపకుండా వేస్తే మూడు గంటల పని. భోజనానికి, బైరి డేగల కోసం తల ఎత్తి చూడడానికి, ఊరికే నీళ్ల మీద తేలడానికి ఇంకో రెండు గంటలు కలుపుతాను. నాలుగింటికి ఒడ్డున ఉండాలంటే పదకొండింటికి పడవ నీళ్లలో ఉండాలి, అంటే తొమ్మిదిన్నరకల్లా కార్ల పని మొదలవ్వాలి. అంకెలన్నీ ఆ నాలుగు గంటల నుంచి వెనక్కి వస్తాయి. పదకొండింటికి దిగలేకపోతే ఆ రోజు దూరం తగ్గుతుంది, వేగం పెరగదు. మధ్యలో లిడ్‌బ్రూక్ దగ్గర దిగడానికి చోటుంది, రోడ్డు దగ్గరే. అక్కడ దిగవలసి వస్తే ఏం చేయాలో కూడా ముందే మాట్లాడుకుంటాం.

కార్ల గొడవే వద్దనుకునేవాళ్లు పడవలు అద్దెకిచ్చేవాళ్ల దగ్గరికి పోవడం మంచిది. రాస్, మాన్‌మత్‌ల మధ్య అలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. పడవ, తెడ్లు, జాకెట్, సామాన్లు తడవకుండా పెట్టుకునే డబ్బా ఇస్తారు, చివర వ్యానులో వెనక్కి తీసుకొస్తారు. అన్నిటికన్నా విలువైనది, నీరు ఎక్కువగా ఉన్న రోజు కుదరదని మొహం మీదే చెబుతారు. ఆ డబ్బు మిగుల్చుకుందామని నేను మొదటిసారి వాళ్ల దగ్గరికి పోలేదు.

నీటిమట్టం ఇప్పుడు వారం రోజుల ముందునుంచే చూస్తాను. ఎగువన వేల్స్‌లో బిల్త్ వెల్స్, ఆ తరవాత హెరిఫర్డ్, కింద మాన్‌మత్. ఒక్క అంకె చూస్తే చాలదు, గీత పైకి పోతోందా కిందికి దిగుతోందా అన్నది ముఖ్యం. నీరు మట్టిరంగులో ఉండి కొమ్మలు కొట్టుకొస్తుంటే పడవలు కారు మీద నుంచి దించను. పెరిగిన నీటిలో ఒడ్డున వంగిన విల్లో చెట్లు ప్రమాదం. నీరు కొమ్మల సందుల్లోంచి పోతుంది, మనిషీ పడవా పోలేక అక్కడే నొక్కుకుపోతారు. బట్టలు గాలిని చూసి కాదు, నీటిని చూసి వేసుకోవాలి. జీన్స్ వద్దు. ప్రతి పడవలో తడవని సంచి, అందులో పొడి బట్టలు, ఉన్ని టోపీ, వేడి టీ ఫ్లాస్కు. చివరి కారు తాళం నా సంచి లోపల కొక్కేనికి తగిలించి, నేనూ ఇంకొకరూ చేత్తో తాకి చూశాకే పడవ విప్పుతాం. ఎక్కడ దిగుతున్నాం, ఎన్నింటికి ఒడ్డెక్కుతాం, ఫోన్ రాకపోతే ఎన్నింటికి 999కు చేయాలి అన్నది ఇంట్లో ఉన్న ఒకరికి రాసి పెడతాం. నదుల మీద ప్రమాదమైతే ఇక్కడ అగ్నిమాపక దళాన్ని అడగాలి.

నదికి మనం చేయవలసినవీ కొన్ని ఉన్నాయి. వై ఒకప్పుడు సాల్మన్ చేపలకు పేరుపొందిన నది. గాలం వేసుకుని నడుములోతు నీళ్లలో నిలబడినవాళ్లు కనిపిస్తారు. కేకలు ఆపి, ఏ పక్కనుంచి పొమ్మంటారో అడిగి, తెడ్డు చప్పుడు తగ్గించి దాటాలి. వసంతంలో హంసలు గూళ్ల మీద ఉంటాయి, వాటికి దూరంగా పోవాలి. పడవను ఇంకో నదికి తీసుకెళ్లే ముందు కడిగి ఆరబెట్టాలి, లేకపోతే ఒక నదిలోని పరాయి మొక్కలూ పురుగులూ ఇంకో నదికి పోతాయి. ఒడ్డున గులాబీ రంగు పూలతో ఏపుగా పెరిగే హిమాలయన్ బాల్సమ్ మన కొండల నుంచే 1839లో ఇక్కడి తోటలకు వచ్చింది. ఇప్పుడు గట్ల మీద స్థానిక మొక్కలను తొక్కేస్తోంది. అంతకన్నా పెద్ద దెబ్బ కోళ్ల ఫారాలది. ఈ నదీ పరీవాహకంలో సుమారు 2 కోట్ల కోళ్లను పెంచుతున్నారని లెక్క. వాటి పెంట పొలాలకు ఎరువై, అందులోని ఫాస్ఫేటు వానతో నదిలోకి దిగుతుంది. వేసవిలో నాచు కమ్మి నీరు పచ్చబడుతుంది, నీటి అడుగున ఉండే తెల్లపూల మొక్కలు చచ్చిపోతున్నాయి. 2023లో నేచురల్ ఇంగ్లండ్ సంస్థ ఈ నది పరిస్థితి దిగజారుతోందని అధికారికంగా ప్రకటించింది. చేతులకు గాయాలుంటే కప్పుకోవడం, తినే ముందు చేతులు కడుక్కోవడం తప్పనిసరి. ఇంత అందమైన నీళ్లలో పిల్లలు దోసిలి ముంచితే కడుక్కోమని చెప్పాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది. అందుకే అడిగినవాళ్లందరికీ నీటిమట్టంతోపాటు ఈ సంగతీ చెబుతున్నాను.

కిందటి వేసవిలో మళ్లీ వెళ్దామా అని అన్న దగ్గర మాట కదిపినప్పుడు వదినే ముందుకొచ్చింది. దూరం మాత్రం ఆవిడ చెప్పింది. కెర్న్ బ్రిడ్జ్ నుంచి లిడ్‌బ్రూక్, 3 మైళ్లు, అంతకుమించి ఒక్క అడుగు కూడా వద్దంది. నీటిమట్టం గీత తనే ఫోన్‌లో చూసుకుంది. కారు లిడ్‌బ్రూక్‌లో పెట్టి, మా ఆవిడ గట్టు మీద ఉండిపోయింది. అబ్బాయి సిమండ్స్ యాట్ దాకా పోదామని రెండుసార్లు అడిగాడు. వదిన కుదరదంది, మేం లిడ్‌బ్రూక్‌లో దిగిపోయాం.